పిట్టల్ని తోలిన తోటమాలి

ఆసుపత్రి తోటమాలికి తన పచ్చిక అంటే పంచప్రాణాలు. పిట్ట వాలిందంటే చాలు, డబ్బా వాయిస్తూ పరిగెత్తేవాడు. "ఇరవై ఏళ్ళుగా నా గడ్డి మీద ఒక్క గోరువంక ముక్కు పెట్టలేదు" అని మీసం మెలేసేవాడు. పాపం, ఆ గొప్పే కొంప ముంచింది.

ఈ ఏడు గడ్డి మచ్చలు మచ్చలుగా ఎండింది. నీళ్ళు పెట్టాడు, ఎరువు వేశాడు. ఊహూఁ. మేనేజరు ఒకే మాట చెప్పాడు: "సోమవారం పురుగుమందు కొట్టిస్తాను. నెల్లాళ్ళు అక్కడ ఎవరూ కాలు పెట్టకూడదు."

తోటమాలి గుండె జారిపోయింది. పక్షవాతం వచ్చిన వాళ్ళక్క రోజూ పొద్దున్నే ఆ గడ్డి మీదే నడక నేర్చుకుంటోంది. గచ్చు మీద అడుగేయాలంటే ఆమెకు భయం. కాలు ఇప్పుడిప్పుడే మాట వింటోంది, మానేస్తే మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరమ్మ హెచ్చరించింది.

ఎండినచోట గడ్డి పట్టుకుని లాగి చూశాడు. చాపలా లేచొచ్చింది! వేళ్ళే లేవు. కింద తెల్లటి బొద్దు పురుగులు ముడుచుకుని పడుకున్నాయి.

"ఎక్కడ దాక్కున్నార్రా ఇన్నాళ్ళూ!" కోపం మరిచిపోయి గొంతుక్కూర్చుని లెక్కపెట్టాడు. జానెడు చోట పదకొండు.

అంతలో ఓ గోరువంక దిగింది. చెయ్యి అలవాటుగా డబ్బా మీదికి పోయింది.

"ఆగరా," అంది నడకకని వచ్చి కుర్చీలో కూర్చున్న అక్క. "అది గడ్డి పీకట్లేదు. సరిగ్గా చూడు."

పిట్ట ఓ పురుగుని గుటుక్కున మింగింది. వెంటనే ఇంకోటి.

"మరి నేనిన్నాళ్ళూ తోలింది..."

"నీకు సాయం చేసేవాళ్ళనే. చేతులారా చేసుకున్నావు!"

సోమవారం దాకా ఉన్న నాలుగు రోజులూ ఎండిన గడ్డి ఎత్తిపెట్టి, దూరంగా కూర్చుని వింత చూసినట్టు చూశాడు. గోరువంకలు గుంపులుగా దిగి, నేలంతా పొడిచి పొడిచి పురుగుల్ని ఏరాయి. సోమవారం మేనేజరు వచ్చి, "పచ్చికంతా జల్లెడ చేశావేమయ్యా!" అన్నాడు. తోటమాలి మట్టి తవ్వి చూపించాడు. ఎంత వెతికినా ఒక్క పురుగే దొరికింది. మేనేజరు గొణుక్కుంటూనే మందు కొట్టేవాళ్ళని వెనక్కి పంపాడు.

అక్క లేచి నిలబడింది. తమ్ముడు కంగారుగా రెండు చేతులూ చాపాడు.

"తప్పుకోరా. పిట్టల్ని నమ్మావుగా, నన్నూ నమ్ము."

తప్పుకున్నాడు. ఆమె ఏ ఆసరా లేకుండా నాలుగడుగులు వేసింది. అతనికి ఏడుపాగలేదు.