వెనక నుంచి చదివే అక్క

జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో నాకు పని నేర్పింది మా సూపర్‌వైజర్ అక్క. లేబుల్ సరిచూడాలంటే చివరి నుంచి మొదటికి చదవమనేది. "ముంగట నుంచి చదివితే కన్ను మోసం జేస్తది పిల్లా. సగమే జూసి, మిగిలింది సరే ఉంటదనుకుంటది" అనేది. నేనూ అలాగే వేలు వెనక్కి జరుపుతూ చదవడం నేర్చుకున్నాను. ఇప్పటికీ బిస్కెట్ ప్యాకెట్ కూడా చివరి నుంచే చదువుతానని ఇంట్లో నవ్వుతారు.

తప్పు లేబుల్ కనబడితే "ఆపుండ్రి!" అని అరవాలి, డబ్బాలు కదిలే బెల్టు ఆగాలి. ఒకసారి తప్పు లేబుళ్ల కట్టను లైను మీద పెట్టింది నేనే. చెప్పడానికి నోరు రాక కాసేపు బెల్టును నడవనిచ్చాను. చివరికి ఏడుస్తూ చెబితే అక్క తిట్టలేదు. "ఎవరు జేసిన్రో తర్వాత. ముందు తప్పు లేబుల్ డబ్బాలు తీస్కరా" అంది. పన్నెండు మంది ఆడవాళ్లం ఒకే చాయ్ కెటిల్ చుట్టూ చేరడం, అక్క తన టిఫిన్ డబ్బాలోంచి చింతకాయ తొక్కు అందరికీ పంచడం నేను ఇప్పటికీ మరచిపోలేదు.

రిటైరయ్యాక అక్క తూంకుంటలో ఉంటోంది. మొన్న ఆదివారం చర్చి నుంచి అటే వెళ్లాను. తలుపు తీసిన అక్క ముఖంలో నెత్తురుచుక్క లేదు. వచ్చే వారం మనవరాలికి బాప్తిస్మం. దానికోసం అక్క మొదటిసారి తన ఫోన్‌లో తానే తెల్ల గౌను ఆర్డర్ చేసింది. ఆ పొద్దున షాపింగ్ సైటు పేరుతో ఒక మెయిల్ వచ్చిందట. పార్సిల్ ఆగిపోయింది, రెండు గంటల్లో లాగిన్ అయి అడ్రసు సరిచేయకపోతే వాపసు వెళ్లిపోతుంది అని ఉందట. అక్క కంగారులో లింకు నొక్కి పాస్‌వర్డ్ కొట్టేసింది. తర్వాత కార్డు నంబరు అడిగేసరికి అనుమానం వచ్చి ఆగింది.

"ఎన్ని లేబుళ్లు జూసినవ్, గిదెట్ల కొట్టినవక్కా?" అన్నాను గట్టిగానే. నాకు ముక్కు మీదే కోపం.

అక్క ఫోను నా చేతిలో పెట్టింది. "ఇగ గీ ఫోను నాకొద్దు పిల్లా. నా కన్ను పోయింది" అంది.

నన్ను ఒక్క మాట అనని మనిషిని నేను అన్నాను. చచ్చేంత సిగ్గేసింది. ఆ మెయిల్ పంపినవాళ్ల పూర్తి అడ్రసు తెరిచి ఫోను ఆమెకే తిరిగిచ్చాను.

"లేబుల్ లెక్క చదువక్కా."

అక్క వేలు చివర్న పెట్టి వెనక్కి జరపబోయి అక్కడే ఆగింది. ముందు భాగంలో సైటు పేరు పెద్దమనిషిలా ఉంది. చివర ఉన్నది మాత్రం ఎవరిదో తెలియని అడ్రసు. "గిది వాళ్లది కానే కాదు! నా పేరు గూడ రాయలే, సూడు" అంది. గొంతులోకి పాత దర్పం వచ్చేసింది.

సైటు యాప్ తెరిచి చూస్తే గౌను నిక్షేపంగా దారిలో ఉంది. వెంటనే పాస్‌వర్డ్ మార్చాం. ఇక మెయిల్‌ను ఫిషింగ్ అని, అంటే మోసపు మెయిలని, రిపోర్ట్ చేయాలి. అక్కడ అక్క వెనకాడింది.

"నవ్వుతరేమో?"

"లైను ఆపినోళ్లను జూసి ఎవరినన్న నవ్వనిచ్చినవా నువ్వు?"

అక్క నొక్కింది. అసలు సైటు వాళ్లకూ ఆ మెయిల్ పంపించాం. తర్వాత మా పాత ప్యాకింగ్ వాళ్ల గ్రూపులో దాని ఫొటో పెట్టి, అక్క మైకు నొక్కి అరిచింది. "ఆపుండ్రి! తప్పు లేబులొచ్చింది!" ఎన్నేళ్లయిందో ఆ అరుపు విని. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

చాయ్ మరిగేలోపే ఫోను మోగింది. ఒకప్పుడు బెల్టు దగ్గర నా పక్కన నిలబడ్డ కొంపల్లి ఆమె.

"అక్కా, గా మెయిల్ నాకూ వచ్చింది. కార్డు నంబరు గూడ కొట్టిన. నిన్నటి సంది ఇంట్ల ఎవరికీ జెప్పలే" అని వెక్కుతోంది.

అక్క కళ్లద్దాలు సర్దుకుంది.

"ఎవరు జేసిన్రో తర్వాత బిడ్డా. ముందు కార్డు తీస్కరా. ఎనక కార్డు ఆపే బ్యాంకు నంబరుంటది, చదువు."