బొట్టుబిళ్లల పియానో

నేను పరువు పోగొట్టుకున్నది జీవితంలో ఒక్కసారే. పోగొట్టుకున్నదాన్ని మాత్రం శుభ్రంగా పోగొట్టుకున్నాను. నిండిన హాల్లో, పెద్ద లైటు కింద, పట్టుచీర కట్టుకుని, రెండు చేతులా. చిల్లరగా కొంచెం కొంచెం పోగొట్టుకునే అలవాటు నాకు లేదు. ఇది నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు అరవై రెండు. కుర్రతనం, దుడుకుతనం, ఏం చేస్తాం.

మా మనవరాలు చిట్టికి అప్పుడు పదేళ్లు. మెట్టుగూడలో మా ఇంటికి రెండు సందుల అవతల ఎస్తేరు టీచరు దగ్గర పియానో నేర్చుకునేది. పిల్లల కచేరీలో ఒకచోట దానికి వేలు తప్పింది. ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, మధ్యలో ఆపేసి, స్టేజీ దిగి వచ్చేసింది. ఇంటికొచ్చి, ఇక చచ్చినా క్లాసుకి పోనని తలుపేసుకుంది.

ఏడాది ఫీజు ముందే కట్టేశాం. తిరిగివ్వరట. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

"ఒక్క తప్పుకే లేచి వచ్చేస్తారటే? అన్నం అడుగంటితే వంట మానేస్తామా? పైది తీసి వడ్డిస్తాం" అన్నాను.

"స్టేజీ మీద ఎలా ఉంటుందో నీకేం తెలుసు నానమ్మా."

"తెలుసుకోవడానికేముంది?"

"అయితే నువ్వే వాయించు. వచ్చే కచేరీలో, మధ్యలో ఆపకుండా చివరిదాకా వాయించు. అప్పుడు మళ్లీ వెళ్తా. ఆపావా, ఇక నన్ను అడక్కూడదు."

అమ్మాయి సంగీతమూ దక్కుతుంది, ఫీజూ వృథా పోదు. మర్నాడే క్లాసుకి వెళ్లి, చిట్టి కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. నా పక్కన ఏడేళ్ల వాళ్లు ఎనిమిది మంది. అందరూ ఒకేసారి వాయిస్తుంటే పెళ్లింట్లో గిన్నెలు దొర్లినట్టుండేది. అందులో నా చప్పుడేదో దేవుడికి కూడా తెలిసేది కాదు.

ఎస్తేరు టీచరు నాకో పాట ఇచ్చింది. "దీన్ని మినుయెట్ అంటారు ఆంటీ. పాతకాలంలో యూరప్ రాజుల కోటల్లో దీనికి డ్యాన్స్ చేసేవాళ్లు. నవ్వుతూ, లైట్‌గా వాయించాలి. నల్ల కీస్ అసలు లేవు, అన్నీ తెల్లవే."

నవ్వుతూనట. కుడిచెయ్యి, ఎడమచెయ్యి విడివిడిగా బంగారాలు. కలిపి కూర్చోబెడితే ఒక వంటింట్లో ఇద్దరు తోడికోడళ్లు. ఇది ముందుకు పోతే అది మూతి ముడుచుకుని ఆగిపోతుంది. ఉంగరం వేలైతే ఊరికే వచ్చి తిని పోయే చుట్టం, పక్క వేలు లేపితే తప్ప లేవదు.

ఇంట్లో మాకున్నది కరెంటుతో నడిచే చిన్న పియానో. సాధన రోజుకి రెండు గంటలు. రెండు గంటల కరెంటు. నేను ఆలోచించాను. నేర్చుకోవాల్సింది వేళ్లు కదా, చెవులు కాదు కదా. స్విచ్ వేయకుండా మొదలుపెట్టాను.

మా ఆయన రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. మూడో రోజు పేపరు దించి అడిగారు. "ఏం చేస్తున్నావు?"

"ప్రాక్టీసు."

"వినపడదేం?"

"స్విచ్ వేయలేదు."

"సంగీతం అంటే చప్పుడు ఉంటుందనుకున్నా."

"చప్పుడు క్లాసులో కావలసినంత ఉంది. ఇంట్లో నేర్చుకునేది వేళ్లు. మీరు చెవులతో వాయిస్తారా?"

ఆయన పేపరు మళ్లీ ఎత్తుకున్నారు. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో పేపరు ఆయన్ను చాలాసార్లు కాపాడింది.

వేళ్లు ఎక్కడ పెట్టాలో గుర్తుండడానికి నా సొంత పద్ధతి ఒకటి కనిపెట్టాను. అద్దానికి అంటించిన పాత బొట్టుబిళ్లలు ఉంటాయి కదా, ఒకసారి పెట్టుకున్నవి, పారేయబుద్ధి కానివి. వాటిని పియానో మెట్ల మీద, అదే, టీచరు కీస్ అనేవాటి మీద అంటించాను. కుడి బొటనవేలికి ఎర్ర బొట్టు, ఎడమ చిటికెనవేలికి మెరూన్ బొట్టు. టీచరు నల్ల కీస్ గుంపులు చూసి చోటు గుర్తుపట్టమంది. అంత తిరకాసు ఎందుకు? ఎడమ చివర నుంచి లెక్కపెడితే ఎర్రది పదిహేనో తెల్లమెట్టు, మెరూన్‌ది ఎనిమిదోది. ఎక్కడికి వెళ్లినా పదిహేను పదిహేనే కదా.

మూడు నెలల్లో నా వేళ్లు కందిపప్పు ఏరుతూ కూడా ఆ పాట వాయించేవి. బస్సులో ముందు సీటు వీపు మీద వాయిస్తే ఒకావిడ లేచి వేరే సీటుకి పోయింది.

కచేరీ లాలాగూడలో ఒక చర్చి హాల్లో. అక్కడున్నది అసలు పియానో, మా బీరువా అంత. అందరికంటే ముందు వెళ్లి, ఎడమ చివర నుంచి ఎనిమిది, పదిహేను లెక్కపెట్టి బొట్లు అంటించాను. ఎర్రది పియానో మధ్యలో కాకుండా బాగా ఎడమకి వచ్చింది. పెద్దింటి వస్తువు, దాని పద్ధతి వేరు అనుకున్నాను.

నా వంతు వచ్చింది. మొదటి వరసలో మా ఆయన, చిట్టి. చిట్టి కళ్లు నా చేతుల మీదే ఉన్నాయి.

మొదలుపెట్టాను. పియానో బొంగురుగా మూలిగింది. చిన్నదానిది పిల్ల గొంతు, పెద్దదానిది మగ గొంతు కాబోలు అనుకుని ముందుకు పోయాను. ఎస్తేరు టీచరు తెర పక్కనుంచి కుడివైపుకి చెయ్యి ఊపుతోంది. జోరు పెంచమంటోందని పెంచాను. రెండు చేతులూ ఊపింది. మురిసిపోతోందనుకున్నాను. తల పట్టుకుని కూర్చుంది. ఆనందం తట్టుకోలేకపోయిందనుకున్నాను.

మొదటి వరసలో తెల్లగడ్డం పెద్దాయన ఒకరు లేచి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డారు. ఆయన్ను చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి వెనకవాళ్లు. హాలంతా లేచింది. ఇద్దరు ఆడవాళ్లు కళ్లు ఒత్తుకుంటున్నారు. నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చివరి మెట్టు దాకా, ఒక్క వేలు తప్పకుండా వాయించి, దండం పెట్టి దిగాను.

పెద్దాయన ఎదురొచ్చారు. "గుండె పిండినవమ్మా. పోయినాయన నీకేమైతడు?"

"ఎవరు పోయారండీ?"

"గంత ఏడుపు పాట వాయిస్తివి గద. నీ పెనిమిటా?"

ఆయన పక్కనే నిలబడ్డ నా పెనిమిటి దగ్గారు. "నేనేనండీ. ఇంకా పోలేదు."

ఎస్తేరు టీచరు పరిగెత్తుకొచ్చింది. "ఆంటీ, పెద్ద పియానోకి ఎడమవైపు కీస్ ఎక్కువ ఉంటాయి. మీరు రెండు చేతులూ తప్పు చోట పెట్టారు. పాటంతా కిందికి దిగి, రాగమే మారిపోయింది. డ్యాన్స్ కాస్తా శవయాత్ర అయింది. మొదటి లైన్‌లోనే తెలియలేదా?"

ఎలా తెలుస్తుంది? ఆ పాట నేను సరిగ్గా ఒక్కసారైనా విని ఉంటే కదా.

చిట్టి నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతోంది. దాని ఎదుట గెలవాలని వచ్చి, దానికంటే ఘోరంగా చేశాను. ఇక ఏ మొహంతో అడగను?

"సర్లేవే, నేను ఓడిపోయాను. నిన్నిక అడగను" అన్నాను.

అది కళ్లు తుడుచుకుంది. "ఎక్కడ ఓడిపోయావు నానమ్మా? ఆపలేదుగా. నేను ఒక్క తప్పుకి పారిపోయా. నువ్వు పాటంతా తప్పు వాయించి, దండం పెట్టి మరీ దిగావు. సోమవారం నుంచి నేనూ వస్తా. నీ పక్కన ఎవరో ఒకరు ఉండాలి."

అప్పటినుంచి ఇద్దరం వెళ్తున్నాం.

చదివేవాళ్లందరి ఎదుటా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఊపిరి ఉన్నంతకాలం మూగ పియానో మీద సాధన చేయను. స్విచ్ వేసే వాయిస్తాను. ఆ రెండు గంటలూ మా ఆయన ఫ్యాను లేకుండా కూర్చుంటారు.