అవ్వ తాతలని పిలిచిన రాళ్ళు

మస్కట్‌లో నేను వంట చేసే ఇంటి మేడమ్‌ది కెనడా. తెల్లామె కాదు. తెల్లవాళ్ళు ఓడలెక్కి రాకముందు నుంచీ ఆ నేల మీద ఉన్న జనం వాళ్ళది. రంగు మన రంగే, జడ మన జడే. తొలిసారి చూసినప్పుడు మా కడప వైపు మనిషేమో అనుకుని తెలుగులో పలకరించాను కూడా. ఆమె ఇక్కడ బడిలో పాఠాలు చెబుతుంది. నన్ను "అక్కా" అంటుంది. ఆ పిలుపు నేను నేర్పిందే.

పోయిన చలికాలం ఆమె తల్లి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళు రెండూ పోయాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నేను అవ్వా అన్నాను, ఆమె ఊఁ అంది. ఆ రోజు నుంచి ఆమె నాకు అవ్వే.

వాళ్ళ జనంలో చెమట గుడిసె అని ఒక పూజ ఉంది. కొమ్మలు వంచి గుండ్రంగా గుడిసె కట్టి, దుప్పట్లు కప్పి, ఎర్రగా కాలిన రాళ్ళు లోపల పెట్టి తలుపు మూసేస్తారు. ఆ చీకట్లో రాళ్ళ మీద నీళ్ళు పోస్తూ పాడతారు, మొక్కుకుంటారు. ఆ నీళ్ళు పోసే పని అందరిదీ కాదు, ఒకరి చేతి నుంచి ఒకరికి రావాలి. అవ్వకు వాళ్ళ మేనత్త ఇచ్చింది. అవ్వ కూతురికి ఇవ్వాలి. కూతురేమో పదేళ్ళుగా వద్దంటోంది.

ఒకరోజు నేను చపాతీలు ఒత్తుతుంటే వంటింట్లోనే, నాకు అర్థమయ్యే ఇంగ్లీషులోనే, ఇద్దరికీ మాట వచ్చింది.

"నేను పట్నంలో పెరిగానమ్మా. ఆ పాటలు నా నోట పరాయిదాని యాసలా పలుకుతాయి. తప్పు పాడితే?" అంది మేడమ్.

"నేను మాత్రం పుట్టుకతో నేర్చానా? తెల్లవాళ్ళ బడిలో మా భాష మాట్లాడితే కొట్టారు. నలభై దాటాక అత్త కాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నా" అంది అవ్వ. "డాక్టరు ఇక ఆ వేడిలో కూర్చోవద్దన్నాడు. ఒక్కసారికి ఒప్పించుకుని వచ్చా. ఇది దాటితే మనింట్లో ఆ నీళ్ళు పోసే చెయ్యి ఉండదు."

నేను వేసిన చపాతీ మాడింది.

ఆ ఒక్కసారికి అవ్వే నీళ్ళు పోసేట్టు, ఇక్కడే శుక్ర శనివారాల్లో చేద్దామనుకున్నారు. ఆదివారం అవ్వకు విమానం. మస్కట్‌కు దూరంగా ఖురియాత్ అనే ఊరి దగ్గర మేడమ్‌కు తెలిసిన ఒక ఒమానీ పెద్దాయన ఖర్జూరపు తోట ఇచ్చాడు. మేడమ్ స్నేహితురాళ్ళు, బడిలో పనిచేసేవాళ్ళు, ఆస్పత్రి నర్సులు, మొత్తం పదిమంది ఆడవాళ్ళు వస్తామన్నారు. దుప్పట్ల కోసం నన్ను రూవి బజారుకు పంపారు. మనవాళ్ళు ఊరికి పోయేటప్పుడు అట్టపెట్టెల్లో కట్టుకుపోయే పులిబొమ్మ దుప్పట్లు పది తెచ్చాను. అవ్వ ఒకటి విప్పి చూసి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. "మా గుడిసెకు ఇంతవరకు పులి కాపలా లేదు" అంది. పులుల్ని పైన వేసి, లోపలి వైపు నూలు గుడ్డలు వేయించింది.

మమ్మల్ని తీసుకుపోయిన డ్రైవర్‌ది కూడా కడపే. నేను భాయ్ అంటాను. గురువారం సాయంత్రం బండి దిగుతూనే నా చెవి దగ్గర మొదలుపెట్టాడు.

"అక్కా, ఈ దేశంలో ఎండలు సాల్లేదనా, మళ్ళా గుడిసెలో దూరి ఉడుకుతారంట?"

"నోరు మూసుకో భాయ్. పూజ."

"పూజే అనుకో. మే నెలలో నా రూమ్‌కు రమ్మను. ఏసీ సెడిపోయి ఉంటాది, ఊరికే సేయించొచ్చు."

అట్లా అంటూనే పనంతా అతనే చేశాడు. తుమ్మ కట్టెలు మోశాడు, గుడిసెకు కొమ్మలు వంచాడు, లోపల గుంట తవ్వాడు, పక్కనున్న వాగులోకి దిగి ముప్పై రాళ్ళు ఏరుకొచ్చాడు. నేను వంటలో ఉన్నాను, రాళ్ళు చూడలేదు. చూసి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని.

శుక్రవారం పొద్దున అవ్వ నిప్పుకు ఏదో ఆకు వేసి దండం పెట్టింది. రాళ్ళు పేర్చిన కట్టెలు అంటుకున్నాయి. నేను పులిహోర కలుపుతున్నాను. గంట కాకముందే మంటలో నుంచి ఢామ్మని చప్పుడు. వెంటనే మరొకటి. ఒక పెంకు రివ్వున వచ్చి అవ్వ కుర్చీ పక్కన ఇసుకలో దిగింది. అందరూ కేకలు పెట్టి ఖర్జూరపు చెట్ల వెనక్కి పరుగెత్తారు. అవ్వను కుర్చీతో సహా నేనూ భాయ్ ఎత్తుకుపోయాం.

మంట చల్లారాక పోయి చూస్తే అన్నీ వాగు రాళ్ళు. నున్నగా, తెల్లగా, చూడముచ్చటగా ఉన్నాయి.

"పూజంటే మంచివి తేవాలనుకున్నా అక్కా. ఒగొక్కటి కడిగి మరీ తెచ్చినా" అన్నాడు భాయ్. ముఖం చూడలేకపోయాను.

అవ్వ అతన్ని ఒక్క మాట అనలేదు. "మా ఊళ్ళో రాళ్ళు నాకు తెలుసు. ఇక్కడివి తెలియవు. నేను అడగాల్సింది, అడగలేదు" అంది. తర్వాత మెల్లగా, "ఇక వద్దు. మనుషులకు దెబ్బ తగిలేట్టయితే చేయకూడదు" అంది. మేడమ్ నేల చూస్తూ నిలబడింది. ఆమె ముఖంలో దిగులు కనిపించింది. అమ్మయ్య అనుకుంటున్నట్టు కూడా కనిపించింది. అది చూశాక నాకు ఉండబట్టలేదు.

"అవ్వా, నేను తెస్తాను రాళ్ళు" అన్నాను.

నేను రాళ్ళు కొట్టేవాళ్ళ ఇంట్లో పుట్టాను. మా నాయన బండ మీద మంట పెట్టి పొరలు లేపేవాడు. చిన్నప్పుడు నేనూ ఇట్లాగే మెరిసే రాయి చూసి ముచ్చటపడి, వంక నుంచి తెచ్చి పొయ్యికి పెట్టాను. సంగటి కుండ కింద అది పేలింది. మోచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. నాయన కొట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని రాళ్ళను సుత్తితో తట్టి చూపించాడు. నీళ్ళలో పడుండే రాయి నీళ్ళు తాగి ఉంటుంది, నిప్పు తగిలితే ఆ నీళ్ళు దాన్ని చీల్చుకుని బయటికొస్తాయి. నీళ్ళు అంటని ఎత్తులో ఉన్న నల్లరాయి తీసుకోవాలి. తడితే ఖణ్‌మంటే నిండు రాయి, మొద్దుగా పలికితే లోపల పగులుంది.

భాయ్ జుమ్మా నమాజు చేసుకొచ్చాక ఇద్దరం బండిలో నల్లకొండల వైపు పోయాం. వాగుకు దూరంగా, ఏటవాలు మీద ఎండకు ఎండిన రాళ్ళు. వంట సామాన్లలో నేను తెచ్చుకున్న బెల్లం కొట్టే సుత్తితో తట్టడం, చెవి పెట్టడం, పక్కన పెట్టడం.

"పుచ్చకాయలు బేరం సేసినట్టుందే అక్కా" అన్నాడు. కాసేపటికి నవ్వు ఆపి, "ఇవీ పేల్తే?" అన్నాడు.

నా కడుపులో ఉన్న మాట అదే. మంటలో పేలితే పరుగెత్తొచ్చు. గుడిసెలో మూరెడు దూరంలో పేలితే? తట్టిన రాయినే మళ్ళీ తట్టాను. మూడు రాళ్ళు చూస్తే ఒక్కటి నచ్చింది. ముప్పై అయ్యేసరికి పొద్దు వాలింది.

శనివారం పొద్దున మళ్ళీ నిప్పు. అందరినీ దూరంగా ఉంచి, నేనూ భాయ్ బండి చాటున నిలబడ్డాం. గంట. రెండు గంటలు. చప్పుడు లేదు. అవ్వ కుర్చీలో కళ్ళు మూసుకుని వింటోంది. మూడో గంట దాటాక రాళ్ళు కట్టెల మధ్య కనబడ్డాయి. రాయి అట్లా కావడం నేను ఎరుగుదును అనుకున్నాను గానీ ఎరుగను. దానిమ్మ గింజలో వెలుగు పెట్టినట్టు లోపలికంటా కనబడుతోంది. నల్లకొండ రాయి, నా చేత్తో తట్టిన రాయి.

బీపీ ఉన్న ఇద్దరిని అవ్వ బయటే ఉండమంది. చీలమండల దాకా నూలు బట్ట కట్టుకోవాలంటే నా దగ్గర నైటీ తప్ప లేదు. "భేషుగ్గా ఉంది" అంది అవ్వ. మోకాళ్ళ మీద పాకుతూ లోపలికి దూరాం. అవ్వకు ఒక పక్క నేను, నా పక్కన మేడమ్. భాయ్ పొడవాటి పారతో ఒక్కొక్క రాయి మోసి తెచ్చాడు. ప్రతి రాయికీ అతను మెల్లగా బిస్మిల్లా అంటున్నాడు. గుంటలో దిగిన ప్రతి రాయికీ అవ్వ, "రా తాతా" అంటోంది. వాళ్ళకు రాళ్ళు తాతలట, అన్నిటికంటే ముందు పుట్టినవి కాబట్టి. మా నాయన తొలి దెబ్బ వేసే ముందు బండకు మొక్కేవాడు. ఎందుకని నేనెన్నడూ అడగలేదు.

తలుపు దించారు. అంత చీకటి నేను ఎరగను. రాళ్ళ వెలుగు తప్ప నా చెయ్యి కూడా నాకు కనబడలేదు. అవ్వ ఆకు చల్లితే రాయి మీద చుక్కలు మెరిసి ఆరిపోయాయి. తర్వాత నీళ్ళు. ఆవిరి మెడ వెనక నుంచి దిగింది. బాలింతగా ఉన్నప్పుడు అమ్మ పోసిన మరిగే నీళ్ళు, ఆ పొగ, ఆ ఊపిరాడకపోవడం, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ప్రతి నీటి దెబ్బకూ నేను చెవులు రిక్కించాను. రాళ్ళు బుస్సుమన్నాయి, అంతే.

అక్కడ పాడిన పాటలు బయట చెప్పవద్దని అవ్వ ముందే అడిగింది. చెప్పను.

తలుపు మూడుసార్లు తెరిచి మూశారు. నాలుగోసారి అవ్వ పాట మధ్యలో ఆగింది. ఊపిరి అందడం లేదు, నా భుజానికి తెలుస్తోంది. "తలుపు తీయనా అవ్వా?" అన్నాను. నీళ్ళు పోసే గరిటె తడుముతూ వచ్చి నా చేతికి తగిలింది. నాకు కాదని తెలుసు. పట్టుకుని పక్కకు చాచాను. చాలాసేపు ఎవరూ తీసుకోలేదు. చెయ్యి నొప్పి పుట్టింది గానీ దించలేదు.

గరిటె బరువు తేలికైంది.

నీళ్ళు పడ్డాయి. ఆవిరి లేచింది. ఆవిరిలో నుంచి మేడమ్ గొంతు లేచింది, మొదట వణుకుతూ, తర్వాత వణుకుతూనే గట్టిగా. ఆ గొంతు అంత పెద్దదని ఆ ఇంట్లో అన్నేళ్ళు వండిన నాకు తెలియదు. ఒకచోట తడబడింది. నా పక్కన అవ్వ చీకట్లో కిసుక్కున నవ్వి, ఆ చోటు అందించింది. పాట ఆగలేదు.

బయటికొచ్చి ఇసుకలో వెల్లకిలా పడుకుంటే ఆకాశం కడిగినట్టుంది. భాయ్ అందరికీ పుచ్చకాయ ముక్కలు కోసిచ్చాడు. అవ్వ రెండు ముక్కలు తిని, నా సుత్తి అడిగి తీసుకుని కూతురి ఒళ్ళో పెట్టింది.

"పాటలు ఫోనులో చెబుతాను. ఇక్కడి రాళ్ళ సంగతి అక్క దగ్గర నేర్చుకో" అంది.

మరుసటి శుక్రవారం మేడమే బండి తీసింది. నల్లకొండ ఏటవాలు మీద, ఎండలో, ఆమె తడుతుంది, నేను దూరంగా కూర్చుని వింటాను.

"అక్కా, ఇది?"

"కాదు."

"ఇది?"

"కాదమ్మా. నువ్వే విను."

ఆమె జడ వెనక్కి వేసుకుని ఇంకో రాయి దగ్గరికి పోయింది. తట్టింది. ఖణ్‌మంది. నా వైపు తిరగలేదు. రెండు చేతులతో ఎత్తి, "రా తాతా" అని, బండిలో పెట్టింది.