చెవులకు నేర్పిన చదువు

కోరుట్లల బీడీలు జేసే రూతమ్మ నోటికి వాడకట్టంత జంకేది. ఎవలన్న ఒక్క మాటంటే రెండు తిరిగి పడేటియి. ఆమెకు రానిది ఒక్క చదువే. చిన్నప్పుడు కథలాపూర్ల బడికి పోయింది గని, చెల్లె పుట్టంగనే ఎత్తుకునే దిక్కులేక తల్లి బడి మానిపిచ్చింది. గా చెల్లె బిడ్డనే సంగీత. పదో తరగతి పాసయ్యి, పెండ్లయ్యి, రూతమ్మ ఎదురింట్లనే ఉంటది. ఆమె గూడ బీడీలే జేస్తది.

ఓనాడు మహిళా సంఘం మీటింగుకు జగిత్యాల నుంచి ఒక మేడం అచ్చింది. "ఈ యేడు ఒక్కొక్కలు ఒక్క కొత్త పని నేర్చుకోవాలె. ఏం నేర్చుకుంటరో అందరి ముందట చెప్పుండ్రి" అన్నది. ఒకామె స్కూటీ అన్నది. బిడ్డను సిరిసిల్లకిచ్చిన శోభ, ఫోన్ల బిడ్డ మొకం సూసుకుంట మాట్లాడుడు నేర్చుకుంట అన్నది. రూతమ్మ లేచి కొంగు సర్దుకున్నది.

"క్రిస్మస్ నాడు చర్చిల నిలవడి, నా కండ్లతోని నేను వాక్యం చదువుత."

పక్కింటి రాజక్క కిసుక్కున నవ్వింది. ఐదో తరగతి దాక చదివిన గీర ఆమెది. "చత్వారం అచ్చినంక చదువట! పుస్తకం తలకిందులు వట్టుకోకు రూతక్కా."

"నువ్వు ఐదు చదివి ఏం ఉద్ధరిచ్చినవే? నా పక్కన గూసోని బీడీలేనాయె జేసేది."

ఇంటికి పోంగ సంగీత చెయ్యి వట్టుకున్నది. "నేను నేర్పుత పెద్దమ్మా. నువ్వు నా వంతు బీడీలు గూడ జెయ్యి, నేను నీకు చదువు జెప్త." రూతమ్మ కడుపు నిండిపోయింది. సొంత రక్తం అంటే గిదే గదా అనుకున్నది.

గప్పటి సంది పగటీలి రెండిండ్ల బీడీలు రూతమ్మ ఒళ్లెనే. సంగీత గోడకు ఒరిగి, ఒక చేత బైబిలు, ఒక చేత ఫోను వట్టుకోని గా క్రిస్మస్ వాక్యమే ఒక్కొక్క ముక్క చదివేది. రూతమ్మ చాటల తంబాకు ఆకుల నింపుకుంట, మలుసుకుంట, దారం చుట్టుకుంట గదే ముక్క తిప్పి చెప్పేది. బీడీల పని గట్లుంటది. చేతులు, కండ్లు ఆకు మీదనే, చెవులే ఖాళీ. బతుకమ్మ పాటలైనా, ఊరి ముచ్చట్లైనా బీడీలు జేసే ఆడోళ్లు చెవులతోనే నేర్సుకున్నరు. చదువు గూడ గట్లనే అస్తది అనుకున్నది రూతమ్మ.

ఒకసారి అనుమానమొచ్చి అడిగింది: "అచ్చరాలు దిద్దియ్యవాయె?"

"గవి పోరగాండ్లకు పెద్దమ్మా. పెద్దోళ్లకు గిట్లనే జెప్తరు."

ముక్కలన్నీ నోటికి అచ్చినంక, సంగీత ఆమె ఏలు వట్టి పేజీల వరుసల మీద గుంజింది. "సూడు, నువ్వే చదువుతున్నవ్." రూతమ్మకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

క్రిస్మస్ నాడు కొత్త చీర గట్టి నిలవడ్డది. ఏలు గుంజుకుంట ఒక్క కాడ తడబడకుంట చెప్పింది. చర్చి పెద్ద రాజనర్సు మురిసిపోయిండు. "అక్కా, గింత మంచిగ చదివితివి. కిందిది గూడ నువ్వే చదువు" అనుకుంట పేజీ మీద ఏలు వెట్టి సూపిచ్చిండు.

రూతమ్మ సూసింది. చాటల చెదిరిన తంబాకు లెక్క ఉన్నయి అచ్చరాలు. ఒక్కటంటే ఒక్కటి ఆమెను గుర్తువట్టలేదు. ఎనుక ఎవలో నవ్విండ్రు. ఆదుకుంటదేమోనని సంగీత దిక్కు సూసింది. సంగీత తల వంచుకున్నది. అయ్యో అనుకోని వంచుకున్నట్టు లేదు, ముందుగాలనే ఎరుకున్నోళ్లు వంచుకున్నట్టున్నది.

కండ్లు ఆనుత లేవనే అబద్ధం రూతమ్మ నాలిక మీది దాక అచ్చింది. మింగేసింది. "నాకు చదువు రాదు. అచ్చిందని చెప్పిండ్రు, నమ్మిన" అని కూసున్నది.

ఇంటికి రాంగనే సంగీతను నిలవెట్టింది. "నాకు చదువు రాలేదని నీకు ఎరికేనా?"

"నీకు సంబురమేనాయె అయింది పెద్దమ్మా. ఆయన అడగకపోతే ఎవలకు ఎరుకైతుండె?"

"నాకు ఎరుక గావద్దా? మీ అవ్వను సంకల ఎత్తుకునుడుకు నేను బడి ఇడిసిన. గామె బిడ్డవు నువ్వు. నా చేతులు వాడుకోని, నా కండ్లకు గంతలు గట్టినవ్."

తెల్లారి సంగీత ఏం గానట్టే తన ఆకు కట్ట తెచ్చి పెద్దమ్మ అరుగు మీద వెట్టింది. రూతమ్మ దాన్ని కాలుతోని జరిపి, పలక వట్టుకోని రాజక్క ఇంట్లకు పోయింది.

"మళ్ల నవ్వుతవా?" అన్నది.

"నవ్వుత. నీకు రాకపోతే నవ్వుత."

"నవ్వు. నవ్వకుంట మోసం జేసినదాన్ని సూసిన గని, నీ నవ్వే నయం."

చాట ఉండే ఒళ్లె పలక వెట్టుకోని తన పేరుల మొదటి అచ్చరం రాసింది రూతమ్మ. "గిది రూ గాదే, తోక తెగిన నక్క" అని రాజక్క పడి పడి నవ్వింది. రూతమ్మ కొంగుతోని తుడిసి మళ్ల రాసింది. ఎదురింట్ల సంగీత కత్తెరతోని ఆకు కత్తిరిస్తున్న సప్పుడు ఇనవడుతున్నది. రూతమ్మ గటు చెవి వెట్టలేదు.