ఎవరూ వద్దనకపోతే

మా తమ్ముడిని ఇంట్లో అందరూ ముని అని పిలిచేవారు. తపస్సు చేసి కాదు, నోరు విప్పక. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు గానీ, మా అమ్మ వాడికి అడగకుండానే వడ్డించేసేది. అడిగేదాకా ఆగితే వాడు పస్తులుండేవాడు మరి.

బళ్ళో ఒకసారి ఎవరో కిటికీ అద్దం పగలగొట్టారు. పగలగొట్టనివాళ్ళంతా చెయ్యెత్తండి అన్నారు మాస్టారు. అందరూ ఎత్తారు, పగలగొట్టినవాడితో సహా. మావాడు ఎత్తలేదు. దెబ్బలు తిని ఇంటికొచ్చాడు.

"నువ్వు కాదని చెప్పలేకపోయావా?" అని అడిగాను.

"నా పక్కన కూర్చునేవాడికి తెలుసక్కా. వాడు చెప్తాడనుకున్నా."

అప్పుడే నేనూ రెండు తగిలించి ఉంటే బాగుపడేవాడేమో. కానీ అప్పటికే వీపంతా ఎర్రగా ఉంది, చెయ్యి రాలేదు.

పెద్దయ్యాక కూడా ముని మునే. నేను వీధి వైపు గదిలో బట్టలు కుడతాను, వాడు పైగదిలో ఉండేవాడు. ఏదో ఆఫీసులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేసి, అది మానేసి, సొంతంగా ఒక కంప్యూటర్ భాష తయారుచేస్తానని కూర్చున్నాడు. ఉన్న భాషలు చాలవా అని అడిగాను. నెమ్మదిగా ఉన్నాయన్నాడు. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది: కొన్ని భాషల్లో రాసినదాన్ని యంత్రం ఒక్కో వాక్యం చదువుకుంటూ, అర్థం చేసుకుంటూ పని చేస్తుంది. అది ముక్క కత్తిరించుకుంటూ కుట్టడం లాంటిది. ఇంకో పద్ధతిలో రాసినదంతా ముందే యంత్రం భాషలోకి మార్చి పెట్టుకుంటారు. అలా మార్చేదే కంపైలర్. అది అంతా కత్తిరించి పెట్టుకుని ఒక్క ఊపున మిషన్ మీద లాగెయ్యడం. నేనిలా చెబితే వాడు తలూపాడు. వాడు తలూపడమంటే ఇంకొకరు సభ పెట్టి ఉపన్యాసం ఇచ్చినట్టు.

భాషకి చురుకు అని పేరు పెట్టాడు. చివరికి చురుకు లోకానికి దక్కింది, చురక వాడికి మిగిలింది.

ఆ భాషలో నా చెయ్యి కూడా ఉందంటే ఎవరూ నమ్మరు. రాసినవాళ్ళు ఎక్కడైనా పొరబడితే కంపైలర్ ఆగిపోయి ఆ పొరబాటేమిటో చెప్పాలి. మొదట్లో అది "తప్పు: ఊహించని గుర్తు" అనేది. వాడు లాప్‌టాప్ తెచ్చి నా కత్తిరింపు బల్ల మీద, చాక్‌పీసు ముక్కల మధ్య పెట్టి, "ఇది చదివితే ఏం అర్థమైందక్కా?" అన్నాడు.

"ఎవరు ఊహించలేదు? నువ్వా, నేనా, ఆ డబ్బానా? అంత చక్కగా కనిపెట్టినది, ఎక్కడో ఏమిటో చెప్తే దాని సొమ్మేం పోయింది?"

తిరిగి పైకి వెళ్ళి మార్చి తెచ్చాడు. నేను మళ్ళీ తిట్టాను. అలా ఆ ఏడాదంతా వాడు మెట్లు దిగడం, నేను తిట్టడం. చివరికి కంపైలర్ ఇలా మాట్లాడటం నేర్చింది: "ఇక్కడ ఒక బ్రాకెట్ తెరిచారు, మూయడం మరిచిపోయినట్టున్నారు. ఈ వాక్యం చివర మూయాలేమో చూడండి." అందులో "మరిచిపోయినట్టున్నారు" అన్నది నాది. తప్పు చేశావంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది, మరిచిపోయినట్టున్నారంటే దిద్దుకుంటారు. నాకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుందని వాడి లెక్క. అది పొగడ్తో తిట్టో నేనింకా తేల్చుకోలేదు.

భాషని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టాడు. మెల్లగా మనుషులు చేరారు. అందరికంటే ముందు చేరినవాడికి ఫోటోలో బొడ్డు దాకా గడ్డం ఉండేది, అందుకని నేను అతన్ని గడ్డమాయన అనేదాన్ని. పనిమంతుడే, కాదనను. మా వీధి చివర ఉండే టీచరమ్మ కూడా చేరింది. ఆవిడ నా దగ్గరే బట్టలు కుట్టించుకుంటుంది, బళ్ళో పిల్లలకి చురుకులోనే ప్రోగ్రాములు నేర్పేది. "మీ తమ్ముడి భాష పిల్లల్ని కసరదండీ, అందుకే వాళ్ళకి భయం లేదు" అనేది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుని లోపల్లోపల పొంగిపోయేదాన్ని.

ఇంతమంది చేరాక ఏ మార్పైనా ఎలా ఒప్పుకోవాలన్న ప్రశ్న వచ్చింది. మావాడు ఒక నియమం పెట్టాడు. మార్పు కావాలన్నవారు చర్చావేదికలో రాసి పెట్టాలి. వారం రోజుల్లో ఎవరూ వద్దనకపోతే ఒప్పుకున్నట్టే. ఒక్కరు వద్దన్నా ఆగాలి, మాట్లాడుకోవాలి. మౌనం అర్ధాంగీకారమంటారు, వీడు ఆ మిగతా సగం కూడా కలిపేశాడు.

"ఇదేం నియమంరా?" అన్నాను.

"నాలాగా మాట్లాడలేనివాళ్ళు చాలామంది ఉంటారక్కా. ప్రతిదానికీ అందర్నీ మాట్లాడమంటే వాళ్ళు పారిపోతారు."

మంచి ఉద్దేశమే. వాడి ఉద్దేశాలన్నీ మంచివే, వాటితోనే నాకు ఒళ్ళు మంట.

కొన్నేళ్ళకి ఏ భాష ఎంత వేగమో, యంత్రం భాషలోకి మార్చే సమయం కూడా లెక్కేసి, పోల్చి వరసలు కట్టే ఒకచోట చురుకు రెండో స్థానంలోకి వచ్చింది. మూడో స్థానంలో ఉన్నన్నాళ్ళూ అందరూ సంతోషంగా ఉన్నారు, రెండోది రాగానే నిద్రలు పోయాయి. పొరబాటు ఎక్కడుందో అంత వివరంగా చెప్పాలంటే కంపైలర్ ప్రతి మాట ఎక్కడినుంచి వచ్చిందో గుర్తుపెట్టుకోవాలి, దానికి కాస్త సమయం పడుతుంది. ఒక సోమవారం పొద్దున గడ్డమాయన వేదికలో ఒక మార్పు పెట్టాడు. ఈ మాటలన్నీ తీసేసి, ఒక్కో రకం పొరబాటుకి ఒక్కో అంకె ఇద్దాం. అర్థం కావాల్సినవాళ్ళు పట్టికలో చూసుకుంటారు. మనం మొదటి స్థానంలోకి వెళ్తాం.

మావాడు కిందకి వచ్చి ఆ సంగతి చెప్పి, ఇస్త్రీ బల్ల పక్కన కూర్చున్నాడు.

"వద్దని రాయి. ఒక్క మాట," అన్నాను.

"నేను వద్దంటే అది నా భాష అవుతుందక్కా. అందరిదీ కాదు. ఎవరో ఒకరు అంటారులే."

"అయితే నేను రాస్తా. ఆ మాటలు నావి కూడా."

"నువ్వు రాస్తే నేను రాయించానంటారు. వద్దు. నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టడానికి మాత్రం నోరు బాగానే లేచింది.

రెండ్రోజులకి టీచరమ్మ జాకెట్టు కోసం వచ్చింది. సంగతి ఆవిడకీ తెలుసు. "ఘోరమండీ, పిల్లలకి అంకెలు కనిపిస్తే ఏం అర్థమవుతుంది? అయినా ఆయన ఉన్నారుగా, ఆయనే ఆపుతారు. ఆయన ఉండగా మధ్యలో మేం నోరెత్తితే బాగుండదు."

"అలా కాదమ్మా, వాడు మీలాంటివాళ్ళు అంటారని చూస్తున్నాడు. మీరే రాయండి."

"అంతంత పెద్దవాళ్ళ మధ్య నేనా?" అని నవ్వింది. సరే, రేపు రాస్తానంది. ఆ రేపు పిల్లల పరీక్షల కింద పడి నలిగిపోయింది.

ఆ వారమంతా మావాడు పైగది కిటికీ దగ్గర కూర్చుని వేదికనే చూశాడు. టీ చల్లారి మీగడ కట్టేది. గుంపులు గుంపులుగా మనుషులు వచ్చి చదివి వెళ్తున్నారని అంకెలు చూపిస్తున్నాయి. రాసేవాళ్ళు లేరు. అందరూ చదివారు, అందరూ కింద ఇంకొకరి పేరు కోసం వెతికారు, వెళ్ళిపోయారు. నేను బిందె నింపుతూ, మిషన్ తొక్కుతూ, వినిపించేలా తిడుతూనే ఉన్నాను. వాడు చెయ్యెత్తలేదు.

సోమవారం మళ్ళీ వచ్చింది. "ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, అందరికీ ధన్యవాదాలు" అని గడ్డమాయన రాశాడు. మార్పుని భాషలో కలపాల్సిన మీట మాత్రం ఇంకా మావాడి దగ్గరే ఉంది. నేను పక్కనే నిలబడ్డాను. మీట దాకా వెళ్ళిన వాడి వేలు అక్కడే ఆగి ఉంటే చాలు. ఆగలేదు. నియమం నియమమే అని నొక్కేశాడు. ఏడాది పాటు ఒక్కొక్కటీ మెట్ల మీదుగా మోసిన మాటలు రెప్పపాటులో పోయాయి. నాకు వాడి మీద జాలి వెయ్యలేదు, కోపమొచ్చింది. అన్నం కూడా వడ్డించలేదు ఆ పూట.

ఆ సాయంత్రానికి నోళ్ళు లేచాయి. "అయ్యో, మీరు ఆపుతారనుకున్నాం." "మీరే ఏమీ అనకపోయేసరికి మీకూ ఇష్టమేననుకున్నాం." వందలమంది. ఇంతమందికి ఇష్టం లేని పని ఇంత ఏకగ్రీవంగా జరగడం నేనెక్కడా చూడలేదు. టీచరమ్మ ఏడుపు మొహంతో వచ్చి, ఈసారి నిజంగానే ధైర్యం చేసి, పాత మాటలు తిరిగి పెట్టాలని వేదికలో రాసింది. దాని కింద గడ్డమాయన ఒకే ఒక్క మాట రాశాడు: "వద్దు." ఒక్కరు వద్దన్నా ఆగాలి కదా. ఆగింది. మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఇప్పటికీ.

చురుకు మొదటి స్థానంలోకి వెళ్ళింది. పెద్ద పెద్ద కంపెనీలు వాడుతున్నాయట. టీచరమ్మ పిల్లలకి వేరే భాష నేర్పుతోంది. మావాడు మీట గడ్డమాయన చేతికిచ్చేసి, ఒక ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఉద్యోగంలో చేరాడు. వెళ్ళిపోతున్నానని కూడా వేదికలో చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మొన్న సెలవునాడు మధ్యాహ్నం వాడికి ఏం బుద్ధి పుట్టిందో, నా దగ్గర కుట్టించుకునేవాళ్ళ కొలతలు దాచడానికి చిన్న ప్రోగ్రాం రాస్తానని, చాన్నాళ్ళకి లాప్‌టాప్ తెచ్చి కత్తిరింపు బల్ల మీద పెట్టాడు. చురుకులోనే రాశాడు. వేళ్ళు పాత ఊపులో కదిలాయి. చూస్తుంటే నాకు కూడా కోపం కాస్త సడలింది. రాసి నొక్కాడు. తెర మీద రెండే మాటలు వచ్చాయి.

తప్పు 41.

వాడు రాసినదాన్ని పైనుంచి కిందకి చదివాడు, మళ్ళీ చదివాడు. ఏమీ దొరకలేదు, పట్టికలో చూసినా తేలలేదు. నా వైపు తిరిగాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు తనకి తెలియదని ఒప్పుకుని నోరు తెరిచి సాయం అడగడం అదే మొదటిసారి.

"అక్కా, నలభై ఒకటంటే ఏంటే?"

"నాకెలా తెలుస్తుందిరా? ఇదివరకు అదే చెప్పేదిగా!" అన్నాను.

వాడు లాప్‌టాప్ మూసేశాడు. నేను చాక్‌పీసు తీసుకుని మళ్ళీ గుడ్డ మీద గీతలు గీసుకున్నాను.