నాయనమ్మ అంగిలి

దెయ్యాల మాట వస్తే మా ఇంట్లో నవ్వులాటే తప్ప భయం ఎప్పుడూ లేదు. నాన్న భిలాయిలో ఉక్కు కార్ఖానాలో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేశాడు. ఓవెన్ల పైన తెల్లచీర కట్టుకున్న మనిషి తిరుగుతుందని కొత్తగా చేరినవాళ్ళని పాతవాళ్ళు బెదరగొట్టేవారట. బూట్లు వేసుకున్న మాకే అరికాళ్ళు కాలిపోతుంటే ఒట్టి కాళ్ళతో అదెలా తిరుగుతోందో కాస్త అడిగి చెప్పండని నాన్న వాళ్ళనే ఆటపట్టించేవాడు. నేను ఆయన కూతుర్ని. పైగా పళ్ళ డాక్టర్ని. నోరు తెరిస్తే లోపల ఎముక, కండ, ఉమ్మి తప్ప ఇంకేమీ ఉండవని నమ్మిన మనిషిని.

అలాంటి నేనే ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

నా చిన్నతనమంతా కార్ఖానా కూలీల బస్తీ, క్యాంప్ 1లో గడిచింది. రెండు గదులు, ముందు చిన్న అరుగు, చెయ్యి చాపితే ఎదురింటి తలుపు. మా నాయనమ్మ పేరు అప్పలనరసమ్మ. చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి, కార్ఖానా కట్టే రోజుల్లో మట్టి మొయ్యడానికి వచ్చింది. అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. తట్ట మోసేటప్పుడు రెండు చేతులూ ఖాళీ ఉండవు, బయట గాలికి చుట్ట ఆరిపోతుంది, అందుకని మా వైపు ఆడవాళ్ళకి అది అలవాటు. తట్టలు మొయ్యడం ఎప్పుడో మానేసినా నాయనమ్మ నిప్పుని మాత్రం బయటికి తియ్యలేదు.

ఇంట్లో ఆమె చేతిలో ఉండే ఇంకో నిప్పు సిగ్డీ. బొగ్గుల కుంపటిని అక్కడందరూ సిగ్డీ అనేవారు, మేమూ అదే అన్నాం. నాన్న సెకండ్ షిఫ్టుకి వెళ్ళిన రోజు వంట అయిపోయినా దాన్ని ఆర్పనిచ్చేది కాదు. పైన బూడిద కప్పి, లోపల కణకణలాడుతూ ఉంచేది. ఓవెన్ల దగ్గర ఒక పద్ధతుంది. షిఫ్టు అయిపోయినంత మాత్రాన దిగి వచ్చెయ్యకూడదు. తన చోటికి వచ్చే మనిషి, అంటే రిలీవర్, వచ్చి నిలబడితేనే కదలాలి. అతను రాకపోతే ఇతనే ఇంకో షిఫ్టు చెయ్యాలి. అందుకని నాన్న ఎప్పుడొస్తాడో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఎప్పుడొచ్చినా అన్నం వేడిగా ఉండేది.

నాన్న క్యాంటీన్‌లో ఇచ్చిన బిస్కట్లు తాను తినకుండా జేబులో వేసుకుని నా కోసం తెచ్చేవాడు. వాటి కోసం నేను పడుకోకుండా కూర్చునేదాన్ని. అందుకే నాయనమ్మ నాకు బిస్కత్తు అని పేరు పెట్టింది. ఆమె తప్ప ఇంకెవరూ నన్ను అలా పిలవలేదు. మా ఆయనకి కూడా ఆ పేరు తెలియదు. పెద్ద డాక్టరునయ్యాక పరువు తక్కువని నేనే చెప్పలేదు.

నేను డెంటల్ కాలేజీలో ఉండగా నాయనమ్మ అంగిట్లో పుండు పడింది. అడ్డపొగ తాగేవాళ్ళకి రావలసిన చోటే వచ్చింది. వేరే ఊళ్ళో ఆపరేషన్ చేసి అంగిలి చాలావరకు తీసేశారు. అంగిట్లో రంధ్రం ఉంటే మాట ముక్కులోకి పోతుంది. అక్షరం నిలబడదు. ఆ రంధ్రాన్ని మూయడానికి పలక ఒకటి చేసి పెడతారు, దానితో మళ్ళీ మాట్లాడవచ్చు. ఆపరేషన్‌కి ముందే మా కాలేజీ సారు ఆమె అంగిలి అచ్చు తీసి ప్లాస్టరులో పోసి ఉంచారు. పలక చేసేలోపే ఆమె పోయింది.

ఆ చివరి రోజుల్లో, భిలాయిలోనే, ఆసుపత్రి మంచం పక్కన నేనే ఉండేదాన్ని. సాయంత్రం అయ్యేసరికి గుమ్మం వైపు చూస్తూ ఏదో అనేది. రోజూ అదే మాట. కాస్త పొడుగైన మాట, మధ్యలో ఒకచోట ఆగి మళ్ళీ అందుకునేది. ఏ అక్షరమూ తెలిసేది కాదు. నీళ్ళిచ్చాను, దుప్పటి కప్పాను, నర్సుని పిలిచాను. ఏదీ కాదన్నట్టు చెయ్యి ఊపేది. ఆఖరి రోజు కూడా అదే అంది. నాన్న ఆ రోజు రాలేకపోయాడు. రిలీవర్ రాలేదు. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది.

తర్వాత నాన్న నన్ను ఒకటే అడిగాడు. "అమ్మ నన్ను అడిగిందేటే?"

అడిగిందని చెప్పాను. నాకేమీ అర్థం కాలేదని ఆయనకి తెలుసు. అయినా రిటైరయ్యాక కూడా, కోహ్కాలో కట్టుకున్న ఇంట్లో కూర్చుని, ఏదో మాటల మధ్యలో అదే అడుగుతాడు. ఆఖరి పొద్దులో కొడుకు రాలేదని తల్లి ఏడుస్తూ పోయిందేమోనన్నది ఆయన బెంగ. ఈ బెంగ మా ఇంట్లో ఒక మనిషిలా మాతోపాటే పెద్దదయింది.

నేను కృత్రిమ దంతాలు, దవడల పనిలో పై చదువు చదివింది అందుకే. అందులో దాపరికం లేదు. ఇప్పుడు మేము చేస్తున్న పరిశోధనా ఆ పలకల గురించే. ఆపరేషన్ చేసే సర్జన్ మేడమ్ ఒకరు, నోటి కొలతలు తీసే నేను, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే దీపక్ సాహూ. నోటిని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో పలకని గీసి, త్రీడీ ప్రింటర్‌లో అచ్చు వేస్తాం. పెట్టకముందూ పెట్టాకా మాట్లాడించి మైకులో రికార్డు చేస్తాం. మాట ఎంత ముక్కులోకి పోతోందో, ఎంత నోట్లోంచి వస్తోందో దీపక్ యంత్రం లెక్కగడుతుంది. దీపక్ దుర్గ్ కుర్రాడు. తెలుగులో ఒక్క ముక్క రాదు. నన్ను దీదీ అంటాడు.

స్కానర్ కొత్తగా వచ్చినప్పుడు దేనిమీద ప్రయత్నిద్దామా అని వెతికి, నా బీరువాలో గుడ్డలో చుట్టి దాచిన నాయనమ్మ ప్లాస్టర్ అంగిలినే మొదట స్కాన్ చేశాం. తెల్లటి అంగిలి తెర మీద గిరగిరా తిరుగుతుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. దీపక్ చూడనట్టే, ఆ ఫైలుకి నాయనమ్మ పేరు పెట్టి దాచాడు.

కొన్నాళ్ళకి జాముల్ నుంచి ఒక మామ్మ వచ్చింది. భర్త సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసి పోయాడు. విజయనగరం వైపు మనిషి. అదే అడ్డపొగ, అదే ఆపరేషన్. ఆపరేషన్ అయ్యాక ఆమె మాట్లాడడమే మానేసిందని కూతురు చెప్పింది. మాట్లాడితే మనవలు నవ్వారట. అప్పటినుంచి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని చేతుల్తోనే అన్నీ చెప్తోంది. ఆమెని చూస్తే నాకు మంచం మీద చెయ్యి ఊపిన నాయనమ్మే గుర్తొచ్చింది. ఎలాగైనా ఈమె చేత మాట్లాడించాలని పంతం పట్టాను.

పలక తయారైంది. ఒక ఉదయం మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి, పలకని నోట్లో పెట్టాను. గట్టిగానే కూర్చుంది. దీపక్ మైకు సరిచేశాడు. కూతురు గోడవారగా నిలబడింది. ఒకటి, రెండు, మూడు చెప్పు మామ్మా అన్నాను. అందరిచేతా మొదట అంకెలే చెప్పిస్తాం.

మామ్మ కొంగు తీసింది. గుమ్మం వైపు చూసింది.

"సిగ్డీ ఆర్పీకే బిస్కత్తూ," అంది. కాస్త ఆగింది. "నాన్నకి రిలీవరు రానట్టున్నాడు."

మాట స్పష్టంగా ఉంది. గొంతు నాయనమ్మది. చుట్టతో గరగరలాడే, చివర్లో కొంచెం పైకి లేచే గొంతు. ఆగిన చోటు కూడా అదే. కుంపటి ఆర్పొద్దని, నాన్న ఇంకా రావాలని. ఆసుపత్రి మంచం పక్కన రోజూ విన్న ఆ మాటకి అక్షరాలు వచ్చినట్టయింది. నేను స్టూలు మీద కూర్చుండిపోయాను.

కూతురు మాత్రం అమ్మ మాట్లాడిందని సంబరంగా ఏడుస్తోంది. దీపక్ తెర మీద అంకెలు చూసి, చాలా బాగా వచ్చింది దీదీ అని హిందీలో అంటున్నాడు. ఏమన్నావని మామ్మని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి వేళ్ళు మడిచి చూపించింది. ఒకటి, రెండు, మూడు. తాను అంకెలే చెప్పానంటుంది. కూతుర్ని అడిగితే, సిగ్డీ అనీ బిస్కట్టనీ ఏదో అంది డాక్టరమ్మా, ఆకలేస్తోందేమో అంది. అంటే నా ఒక్కదానికే వినబడింది కాదు.

గొంతు ఎందుకు మారిందని నేను గొడవ పెడితే ఆ రోజే దీపక్ ఫైళ్ళు వెనక్కి తిరగేశాడు. చివరికి తల పట్టుకుని వచ్చాడు. పలక అంచులు మామ్మవే. మధ్యలో ఉండే వంపు మాత్రం ఆపరేషన్‌కి ముందు తీసిన అచ్చు నుంచి తీసుకోవాలి. జాముల్ మామ్మ పేరు కూడా అప్పలనరసమ్మే. సింహాద్రి అప్పన్న పేరు లేని ఇల్లు మా వైపు ఉండదు, క్యాంప్‌లో ఆ పేరుతో కేకేస్తే నాలుగు తలుపులు తెరుచుకుంటాయి. పాపం దీపక్, ఇంత పొడుగు పేరు లోకంలో ఒక్క ముసలావిడకే ఉంటుందనుకున్నాడు. నాయనమ్మ అంగిలిని తీసుకెళ్ళి మామ్మ పలకలో కలిపేశాడు.

అలా మేము చెయ్యలేకపోయిన పలక, ఇన్నేళ్ళకి, పొరపాటున తయారైంది.

ఉన్నదంతా చెప్పి సర్జన్ మేడమ్‌కీ, మామ్మ కూతురికీ క్షమాపణ అడిగాం. ఆ వారంలోనే అసలు అంగిలితో ఇంకో పలక చేశాం. అది పెట్టగానే జాముల్ మామ్మ తన సొంత గొంతుతో, సన్నగా, కూతుర్ని తిట్టింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల వండిన ఉప్పులేని పప్పు నోరెత్తకుండా తిన్నదట. మేమందరం నవ్వాం. మామ్మ కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకోకుండా. ఇప్పుడు మనవల మీద బాగానే కేకలేస్తోందని విన్నాను.

దీపక్‌ని కూర్చోబెట్టి అడిగాను. అంగిలి వంపు మారితే మాట రంగు కొంత మారుతుందన్నాడు. కొంతే. గొంతు ఎవరి గొంతు వాళ్ళదే ఉంటుందన్నాడు. మాటల సంగతి యంత్రానికి తెలియదన్నాడు. సిగ్డీ అనుకోండి, ప్రతి ఇంట్లోనూ ఉండేది. రిలీవర్ సిమెంటు ఫ్యాక్టరీలోనూ ఉంటాడు. మరి బిస్కత్తు? ఆ కుటుంబం ఎప్పుడూ క్యాంప్ 1లో లేదు. మమ్మల్ని ఎరగదు. కూతుర్ని రెండుసార్లు అడిగి కనుక్కున్నాను. ఎన్ని వైపుల నుంచి ఆలోచించినా ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతున్నాను. పరిశోధనా పత్రంలో ఆ రికార్డింగ్ వాడలేదు. ఏమని రాయాలి?

నాన్నకి చెప్పడానికి చాలా రోజులు వెనకాడాను. పెద్దవాడు, గుండె బలం తక్కువ. చెప్పకుండా ఉండలేకా, చెప్పలేకా సతమతమయ్యాను. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం కోహ్కా వెళ్ళి, భోజనాలయ్యాక, ఎలా వచ్చిందో ఏమీ చెప్పకుండా ఫోనులో ఆ రికార్డింగ్ పెట్టాను.

నాన్న విన్నాడు. ఎవరని అడగలేదు. మళ్ళీ పెట్టమన్నాడు. రెండోసారి విని లేచి పెరట్లోకి వెళ్ళాడు. కుళాయి శబ్దం వినబడింది. డ్యూటీ నుంచి వచ్చినప్పుడు బొగ్గు మసి వదలందే నాయనమ్మ లోపలికి రానిచ్చేది కాదు. చాలా ఏళ్ళ తర్వాత నాన్న మళ్ళీ అలాగే, మోకాళ్ళ దాకా కాళ్ళు రుద్ది కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వచ్చాడు. నా పక్కన కాకుండా నేల మీద, కంచం ముందు కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"రిలీవరు వచ్చీసినాడే అమ్మా," అన్నాడు. "నానూ వచ్చీసినాను. ఇంక ఆర్పీసెయ్."