చార్టులో ఆగిన చుక్కలు

మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ పోయిన గురువారం చనిపోయారు. రెండు వారాలు జ్వరంతో నెల్లూరు ఆసుపత్రిలో ఉండి, ఇక ఇంటికి రాలేదు. అమ్మ ఫోన్ చేసి "టీచరమ్మ పోయిందమ్మా" అని పెట్టేసింది. మా ఇంట్లో ఆమె మాటెత్తితే చెల్లెలు గుర్తొస్తుంది.

మాది నెల్లూరుకు తూర్పున, సముద్రం వైపు ఊరు. చుట్టూ రొయ్యల గుంటలు. నా చిన్నప్పటికే బోరు నీళ్లు ఉప్పుతేలాయి. అవే తాగేవాళ్లం. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఒక పట్టాన తగ్గేవి కావు.

అంగన్‌వాడీలో పెట్టిన గుడ్డును చెల్లెలికని గౌను మడతలో దాచుకుంటే, టీచరమ్మ నా ఎదురుగా గొంతుక్కూర్చునేవారు. "నీ గుడ్డు నీ కడుపులోకే పోవాల. దాని గుడ్డు సంగతి నేను చూస్తా" అనేవారు. మింగేదాకా కదిలేవారు కాదు.

చెల్లెలికి రెండేళ్లప్పుడు విరేచనాలు పట్టుకుని బరువు తగ్గడం మొదలైంది. నెలనెలా తూచి చార్టులో చుక్క పెట్టే టీచరమ్మ ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు.

"బిడ్డ చుక్క ఎరుపు రంగులోకి దిగింది, ప్రాణానికే ముప్పు. పెద్దాసుపత్రిలో పెట్టుకుని తిండీ మందూ ఇస్తారు. నువ్వు కూడా ఉండాల" అన్నారు.

"గుంటకాడ రొయ్యల పట్టుబడి జరగతా ఉండాది టీచరమ్మా. ఇప్పుడు మానితే మళ్లీ పనికి పిలవరు. అది కాంగానే పోతాం" అంది అమ్మ.

ఆమె మర్నాడూ వచ్చారు. మూడోరోజు నాన్న విసుక్కున్నాడు. "మా బిడ్డ గురించి మాకు తెలవదా?" నాలుగోరోజు ఆమె ఆటోలోనే వచ్చి దిగారు. అప్పటికే చెల్లెలు కళ్లు తేలేసింది. వెళ్లిన ఆటో కాసేపటికే తిరిగొచ్చింది. చెల్లెలు టీచరమ్మ ఒళ్లోనే పోయింది.

ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మొదటిరోజే ఎత్తుకొని పోవాల్సింది. అడగతా నిలబడినాను" అని తనను తానే అనుకునేవారు.

నెల తిరక్కముందే చార్టులన్నీ సంచిలో వేసుకుని, మంచినీళ్ల కోసం మండల ఆఫీసుకు బయల్దేరారు. వెంట తల్లులు, అందరికంటే ముందు మా అమ్మ, అమ్మ కొంగు పట్టుకుని నేను.

"అర్జీ ఇచ్చి పోండి, చూస్తాం" అన్నాడు అధికారి.

టీచరమ్మ చెల్లెలి చార్టు తీసి బల్ల మీద పరిచారు. "ఇది చూడండి సార్. చుక్కలు ఇక్కడ ఆగిపోయినాయి. ఆ తర్వాత తూచేదానికి బిడ్డ లేదు."

ఆయన అర్జీ అందుకుని ముద్ర వేశాడు. అయినా పైపు రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ తల్లులు వారానికోసారి వెళ్లి ఆ ఆఫీసు వరండాలో కూర్చున్నారు. ఆలోగా ఊళ్లో ఇంకో ఇద్దరు పిల్లలు పోయారు.

కుళాయి తిప్పిన రోజు అందరూ ఆమెను ముందుకు పిలిచారు. ఆమె మొదటి గ్లాసు పట్టి మా అమ్మ చేతికిచ్చి, పిల్లలకు అన్నం వండే వేళయిందని వెళ్లిపోయారు. తర్వాత పుట్టిన తమ్ముడు ఆ నీళ్లతోనే పెరిగాడు. వాడి చార్టులో చుక్కలు పైకే వెళ్లాయి.

ఆమెను చర్చి వెనకాల మట్టి చేసి వచ్చాం. రెండు వారాలు వచ్చి చూసిన పక్కూరి టీచరు కూడా వెళ్లిపోవడంతో అంగన్‌వాడీకి తాళం పడింది. ఆయా పోస్టు ఎప్పటినుంచో ఖాళీ. కొత్త టీచరు ఎప్పుడొస్తారో చెప్పేవాళ్లు లేరు.

సోమవారం బస్సుకు వెళ్తూ అటు చూశాను. మధ్యాహ్నం ఎండలో నలుగురు పిల్లలు కంచాలు పట్టుకుని వచ్చి, మూసిన తలుపు ముందు వరుసగా కూర్చుని ఉన్నారు.